ఆవిడ పేరుతో పదకొండు వారాలు

జూన్ 9, సోమవారం

మాటలు నేర్పే అమ్మాయి ఒక నోటుబుక్కు ఇచ్చి, మా ఆవిడ రోజూ ఏ మాట పలికిందో, ఎన్నిసార్లు పలికిందో రాసిపెట్టమంది. అది మంచం పక్కన ఉంటుంది. అందులో ఇవాళ: ‘కాదు’, పద్నాలుగుసార్లు. ‘నీళ్ళు’, ఒకసారి. ‘అదీ... అదీ...’ లెక్కపెట్టలేదు.

ఈ నోటుబుక్కు వేరే. ఇది నా టైలరింగు కొట్లో కత్తెరల సొరుగులో, కాగితపు నమూనాల కింద ఉంటుంది. ఎవరికీ చూపించేది కాదు. ఇవాళ ఒక అబద్ధం ఆడాను. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే కుట్టు వంకర పోతోంది.

పొద్దున ఎడిటరుగారు ఫోన్ చేశారు, ఆదివారం పేజీలో ఆవిడ రాసే ‘చదివి చెబుతాను’ గురించి. రాజులూ రాణులూ ఓడలూ కోటలూ ఉన్న ప్రేమ నవలలు, పాత కావ్యాలను తిరగరాసిన నవలలు, ఏవి వచ్చినా తొమ్మిదేళ్లుగా ఆవిడే చదివి చెప్పేది. బడిలో లైబ్రరీ చూసుకుంటూనే వారానికో పుస్తకం. జ్వరమొచ్చినా మానలేదు. మార్చిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయాక మానింది.

“మాస్టారూ, మూడు నెలలు పాతవే తిరగేసి వేశాం. ఇంక కుదరదు. వేరే ఎవరికైనా అప్పజెప్పమని పైనుంచి ఒకటే పోరు. మేడమ్ ఎలా ఉన్నారు? రాయగలరా?”

“రాయలేదండీ” అనాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం, “తను చెబుతుంటే నేను రాస్తానండీ” అని.

“అబ్బ, ఎంత మంచి మాట చెప్పారు! అయితే మాటలు వస్తున్నాయన్నమాట!”

“వస్తున్నాయండీ.”

పద్నాలుగు కాదులు, ఒక నీళ్ళు.

ఒక్క వారమే. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి ఉంచుతాం చూడు, అలాంటిదే ఇది. మనిషి ఎక్కగానే తువ్వాలు తీసేస్తాం.

జూన్ 10, మంగళవారం

పుస్తకం వచ్చింది. ‘రాణిగారి లేఖకుడు’. నాలుగు వందల పన్నెండు పేజీలు. అట్ట మీద ఒక ఆడమనిషి వెనక్కి వాలిపోతోంది, ఒక మగమనిషి పట్టుకున్నాడు. ఇద్దరి బట్టలూ భుజాల మీంచి జారిపోయేలా ఉన్నాయి. కొలత సరిగ్గా తియ్యకపోతే అంతే మరి.

కొలతల పుస్తకం లోపల పెట్టుకుని చదివాను. కాజాలు కుట్టే ఆవిడ పదహారేళ్లుగా నా ఎదురుగా కూర్చుంటోంది. ఆమె కన్ను తప్పించుకోవడం నా తరమా?

“ఏంటి మాస్టారూ, కొలతలు చూసి నవ్వుకుంటున్నారు?”

“పెద్ద నడుము” అన్నాను.

“ఇన్ని పేజీల నడుమా?”

మొహం చాటేశాను.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టు తలుపు వేసి, నాలుగింటికి తీస్తున్నాను. ఆ మూడు గంటలూ కిటికీ దగ్గర ఆవిడకి చదివి వినిపిస్తున్నాను. నీకోసం తెప్పించాను అన్నాను. వింటుంది. అన్నీ అర్థమవుతాయి, అక్షరాలే ఇంకా అలుక్కుపోయినట్టు కనిపిస్తాయట. నేను తప్పు చదివితే కనుబొమ్మ లేస్తుంది.

సమీక్ష రాసి పంపేశాను. సగం పేజీ. రాసిన దాన్లో ఒక ముక్క: “నూట యాభయ్యో పేజీలో లేఖకుడు రాణిగారి అంగీకి వీపున ఉన్న పంతొమ్మిది హుక్కులు ఒక్క వాక్యంలో విప్పేస్తాడు. చీకట్లో. ఎడమ చేత్తో. అది ఎంత పనో మా ఆయన్ని అడిగాను. వెలుతుర్లో, రెండు చేతులతో, అలవాటున్న మనిషికి మూడు నిమిషాలన్నాడు. ఈలోగా రాణిగారికి జలుబు చేస్తుంది.”

నన్ను నేను ‘మా ఆయన’ అని రాసుకోవడం ఇదే మొదటిసారి. పెన్ను ఆగింది. తర్వాత అలవాటైపోయింది. ఇంకోచోట ‘మా ఆయన ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు’ అని కూడా రాశాను. తీసేద్దామనుకున్నాను. ఉంచాను.

జూన్ 15, ఆదివారం

పడింది. పైన ఆవిడ ఫొటో, ఆవిడ పేరు. కింద నా రాత.

పేపరు ఆవిడ చేతికిచ్చే ముందు ఆ పేజీ తీసి లైనింగు బట్టల కింద దాచేశాను. ఆవిడ ఎడమచేత్తో పేజీలు తిప్పి, మళ్ళీ మొదటికి వెళ్ళి తిప్పి, నావైపు చూసింది.

“ఆ పేజీ తడిసిపోయిందోయ్” అన్నాను.

రెండో అబద్ధం. మొదటిదానికి తోడు కావాలి కదా.

జూన్ 24, మంగళవారం

ఎడిటరుగారు ఫోన్. మేడమ్ రాతలో చమత్కారం పెరిగిందని ఇద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారట. ఒకాయనైతే హుక్కుల సంగతి చదివి వాళ్ళావిడకి వినిపించాడట.

పొగడ్త ఆవిడకే చెందుతుంది. నాకేం సంబంధం లేదు. ఉత్తరాలు రెండూ ఫోన్లో నెమ్మదిగా చదివించుకుని ఎత్తి రాసుకున్నాను. ఊరికే.

జులై 1, మంగళవారం

ఇంకొక్క వారం. అంతే.

జులై 8, మంగళవారం

ఇంకొక్క వారం.

జులై 11, శుక్రవారం

ఈ వారం పుస్తకంలో ఒక సామంతుడున్నాడు. పిల్లని ఎత్తుకొచ్చి కోటలో పెట్టి, మూడు వందల పేజీలు ‘నువ్వే నన్ను ప్రేమించే రోజొస్తుంది’ అంటూ తిరుగుతాడు. వాడికి బొంగురు గొంతు పెట్టి చదువుతున్నాను. ఆ పిల్లకి సన్న గొంతు. గుర్రానికి కూడా ఒక సకిలింపు ఇచ్చాను. గుర్రం దగ్గర ఆవిడ నవ్వింది. మార్చి నుంచి ఆ నవ్వు వినలేదు. సగం మూతితోనే నవ్వింది గానీ చప్పుడు మాత్రం పూర్తిగా పాతదే.

తర్వాత వాడు ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడి, ‘నా క్రూరత్వానికి కారణం నీ అందమే’ అన్నాడు.

“ఛీ” అంది ఆవిడ.

స్పష్టంగా. కొత్త మాట! నేను పుస్తకం పడేసి లేచాను. “ఏదీ, మళ్ళీ అను!”

“ఛీ. ఛీ.”

మంచం పక్క నోటుబుక్కులో రాశాను: ‘ఛీ’, మూడుసార్లు, భావంతో సహా. మాటలు నేర్పే అమ్మాయి చదివి గెంతులేసింది. “ఇదేం పుస్తకం అంకుల్? మిగతా పేషెంట్లక్కూడా వినిపిద్దాం!”

జులై 22, మంగళవారం

ఈ వారం ఏం రాయాలో తోచక, ఆవిడ పాత కాలమ్‌లు అతికించిన ఫైలు తీశాను. తొమ్మిదేళ్లు పక్క గదిలో మిషను తొక్కుతూ కూర్చున్నాను, ఒక్కటీ చదవలేదు. రాణులూ రాజులూ నాకెందుకులే అనుకునేవాణ్ణి. ఆవిడ మధ్యమధ్య గుమ్మంలోకొచ్చి అడిగేది: “మాస్టారూ, రెండు వందల ఏళ్ల కింద జిప్పు ఉండేదా?” నేను తలెత్తకుండానే “ఉండేది కాదు” అనేవాణ్ణి. “సైనికుడి కోటుకి ఎన్ని గుండీలు?” “రెండు వరసలు.” అంతే. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆరేళ్ల కిందటి దాన్లో ఇలా ఉంది: “మా ఇంట్లో ఒక నిపుణుడున్నాడు. ఈ పుస్తకాలంటే ఆయనకి చిన్నచూపు. అయినా అడిగితే సూది ఆపి మరీ చెబుతాడు. ఆ ఆపడమే నాకు చాలు.”

సూది ఆపేవాణ్ణా? నాకు గుర్తులేదు.

సాయంత్రం ఇచ్చిన గడువుకి ఒక కోటు అందలేదు. ఆ మనిషి అరిచి వెళ్లాడు. సగం చెవితో విన్నాను.

ఆగస్టు 6, బుధవారం

‘మంచు వంతెన’. ఒక కాపలాదారు, ఒక వితంతువు. ఆమె ప్రతి గురువారం వంతెన దాటి అవతలి ఊరికి మందులు తీసుకెళుతుంది. ముప్ఫై ఏళ్లు. ఇద్దరూ ‘ఇవాళ గాలి ఎక్కువగా ఉంది’ అని తప్ప ఏమీ అనుకోరు. ఒక గురువారం ఆమె రాదు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వంతెన వదలని మనిషి తలుపు తీసేసి, ఆమె ఊరివైపు నడుచుకుంటూ పోతాడు.

అక్కడ ఆగి కళ్ళు నులుముకున్నాను. పొద్దుటినుంచీ నూలు బట్ట కోస్తున్నాను, ఆ పీచు కళ్లలో పడింది. ఆవిడ ఎడమచేత్తో తన కొంగు అందుకుని నా మొహం తుడిచింది. పీచు పోయిందా అన్నట్టు చూసింది. పోయిందన్నాను.

కొట్టు తియ్యకుండా కూర్చుని ఒక్క ఊపున రాసేశాను. బట్టల సంగతి ఒక్కటీ లేదు. ‘మా ఆయన’ కూడా లేడు.

ఆగస్టు 21, గురువారం

‘రేవులో పన్నెండేళ్లు’ వచ్చింది. బడిలో మేమందరం బట్టీపట్టిన పాత కావ్యాన్ని ఒక కొత్త రచయిత్రి తిరగరాసింది. మొగుడు యుద్ధానికి పోతే పన్నెండేళ్లు రేవులో అతని పడవ నడుపుతుంది ఆ ఇల్లాలు. అతను తిరిగొస్తాడు. పాత కావ్యంలో ఆమెకి ఒక్కటే మాట ఉంది. కొత్త నవలలో ఆమె ఏడు పేజీలు మాట్లాడుతుంది. పన్నెండేళ్ల కష్టం, ఒంటరితనం, కోపం, అంతా కడిగేస్తుంది.

ఆవిడకి సగం దాకే చదివాను. కానీ గడువు ఇవాళ్టికే. మిగతాది నేనే చదివేసి, రాసి పంపేశాను. ఇప్పటిదాకా రాసిన వాటిలో ఇదే బాగా వచ్చింది. నోరు లేని మనిషికి నోరు వస్తే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో తెలిసినట్టు ఇంకెక్కడ తెలుస్తుంది?

మిగతా సగం ఆవిడకి వచ్చేవారం చదువుతాను.

ఆగస్టు 25, సోమవారం

మరదలు వచ్చింది. చేతిలో నిన్నటి పేపరు. నేను కొట్లో ఒకాయన భుజం కొలుస్తున్నాను. లోపలినుంచి దాని గొంతు వినిపిస్తోంది.

“అక్కా! ఎంత బాగా చెప్పావే! నాకు ఏడుపొచ్చేసింది. బావగారు ఒక్కమాటైనా చెప్పరే నువ్వు మళ్ళీ రాస్తున్నావని! ఉండు, నేను చదువుతాను. ‘ఇన్నాళ్లూ మూగగా నిలబడ్డ ఆడదానికి ఈ రచయిత్రి నోరిచ్చింది. ఆమె ఏడు పేజీలూ నేనే మాట్లాడుతున్నట్టు అనిపించింది...’”

టేపు ఆయన భుజం మీదే వదిలేసి పరిగెత్తాను. ఆలస్యమైపోయింది. మరదలు చివరి వాక్యం చదివి, పేజీ ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఫొటో పైకే ఉంది.

ఆవిడ ఫొటో చూసింది. నన్ను చూసింది. పెదవులు చాలాసేపు పనిచేశాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

“నా” అంది. “నా... పేరు.”

మరదలికి అర్థంకాలేదు. “అవునే, నీ పేరే, ఎంత పెద్దగా వేశారో చూడు” అంది.

“కాదు.”

తర్వాత మొహం గోడవైపు తిప్పుకుంది.

‘పేరు’ కూడా కొత్త మాటే. మంచం పక్క నోటుబుక్కులో రాయడానికి చెయ్యి రాలేదు.

ఆగస్టు 26, మంగళవారం

ఏమీ పలకలేదు.

ఆగస్టు 27, బుధవారం

‘కాదు’ కూడా లేదు.

ఆగస్టు 28, గురువారం

మాటలు నేర్పే అమ్మాయి ఖాళీ పేజీలు చూసి అడిగింది. కొట్లోకి పిలిచి అంతా చెప్పేశాను. తువ్వాలు సంగతి కూడా. కాజాలు కుట్టే ఆవిడ సూది గాల్లోనే ఆపి వింది.

“ఒక్కసారైనా ఆంటీని అడిగారా అంకుల్, ఈ పుస్తకం నీకు నచ్చిందా అని?”

“తను చెప్పలేదు కదమ్మా.”

“మాట పోయింది గానీ బుర్ర పోలేదుగా. అవునా, కాదా అని అడిగితే తల ఊపదూ? వారానికి ఒక్క గంట చాలు.” నా మొహం చూసి కాస్త మెత్తబడింది. “ఇప్పుడైనా మించిపోయింది లేదు.”

ఆ అమ్మాయి వెళ్ళాక కాజాల ఆవిడ అంది, “నేను ఇంతకాలం కొలతలే చూస్తున్నారనుకున్నాను మాస్టారూ.” నవ్వించడానికే అంది. నవ్వు రాలేదు.

నిజం ఏమిటంటే, అడిగితే తను కాదంటుందేమోనని అడగలేదు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది.

ఆగస్టు 29, శుక్రవారం

ఎడిటరుగారికి చెప్పేశాను.

“అంటే పదకొండు వారాలూ...?”

“నేనేనండీ.”

“మేడమ్‌కి తెలీదా?”

“మొన్న సోమవారం దాకా తెలీదండీ.”

తిడతారనుకున్నాను. “మా సంగతి తర్వాత, ముందు మీ ఇంట్లో తేల్చుకోండి” అన్నారు. “మూడు ఆదివారాలు ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు.” పెట్టేసే ముందు, “ఒకటి అడుగుతాను. మీ పేరుతో మీరు రాస్తారా? చదివేవాళ్ళున్నారు” అన్నారు.

“వద్దండీ” అన్నాను.

ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ మాట చుట్టూనే తిరిగాను. నేనూ మనిషినే కదా.

సెప్టెంబర్ 1, సోమవారం

పదకొండు కాగితాలూ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, నేల మీద కూర్చుని, తప్పయిందన్నాను. నీ చోటు పోకూడదని మొదలుపెట్టాను, తర్వాత నేనే రుచి మరిగాను అన్నాను. ఈ రెండో ముక్క చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది.

ఆవిడ కాగితాలు ముట్టుకోలేదు. కిటికీ గట్టు మీద ఉన్న ‘రేవులో పన్నెండేళ్లు’ వైపు వేలు చూపించింది. గుర్తు పెట్టిన పేజీ తీశాను. చదవమన్నట్టు చెయ్యి ఊపింది. గొంతులేవీ పెట్టకుండా చదివాను.

సెప్టెంబర్ 4, గురువారం

ఏడు పేజీల ప్రసంగం ఇవాళ అయింది. చదువుతుంటే నాకు మళ్ళీ ఒళ్ళు గగుర్పొడిచింది. తలెత్తి చూస్తే, ఆవిడ మొహం పుల్లటిది కొరికినట్టుంది.

“ఎక్కువ” అంది.

“ఏంటోయ్, ఫ్యానా?”

“కాదు.”

“దిండు ఎత్తు ఎక్కువైందా?”

“కాదు.”

“నా గొంతా? గట్టిగా చదివానా?”

కళ్ళు మూసుకుని ఓపిక తెచ్చుకుంది. అది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన ఓపికే. పుస్తకం మీద అరచేత్తో కొట్టి, “మా...ట” అంది. “మాట. ఎక్కువ.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అరవై మాటలు కూడా లేని మనిషి, ఆ కథానాయిక ఎక్కువ మాట్లాడిందంటోంది. నేను ఆకాశానికెత్తిన ఏడు పేజీలనీ ఒక్క దెబ్బ కొట్టింది.

“అదేంటి, ఇన్నేళ్లకి ఆమెకి నోరొస్తే!”

“కాదు. కాదు. కాదు.”

ఇవాళ మొత్తం కాదులు ముప్ఫై ఒకటి. ఇంత హాయిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

పాత కావ్యం కావాలంది. అంటే అలమర వైపు చూపించి, నేను తీసిన ప్రతి పుస్తకానికీ కాదంటూ, తొమ్మిదోదానికి ఊఁ అంది. రేవు ఘట్టం చదివాను. మొగుడు పన్నెండేళ్ల తర్వాత ఒడ్డున నిలబడి ఉంటాడు, ఆమె గుర్తుపడుతుంది, పడవ తెస్తుంది, అవతలి ఒడ్డుకి చేరుస్తుంది. ఆమె అనేది ఒక్కటే: “పడవ తడిగా ఉంది, చూసి దిగండి.”

ఆవిడ కళ్ళు మూసుకుని ఆ వాక్యం రెండోసారి చదివించుకుంది. మూడోసారి కూడా.

“ఆమె...” అంది. అక్కడ ఆగిపోయింది. మాట అంచుదాకా వస్తోంది, జారిపోతోంది.

“భయపడిందా?” కాదు. “ఓర్చుకుందా?” కాదు. “క్షమించిందా?” కాదు, కాస్త విసుగ్గా. “మరిచిపోయిందా?” అప్పుడు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 11, గురువారం

దొరకలేదు. మాటలు నేర్పే అమ్మాయి కూడా ప్రయత్నించింది. బొమ్మల అట్టలు పరిచింది. ఆవిడ అట్టలన్నీ పక్కకి నెట్టేసింది. కోపం మనిషికి ఇంత బలమిస్తుందా? కుడిచెయ్యి కూడా కొంచెం కదిలింది.

సెప్టెంబర్ 15, సోమవారం

కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. టేపు నా మెడలోనే ఉంది. ఆవిడ చెయ్యి చాపి దాన్ని లాగింది. నెమ్మదిగా వేళ్ళకి చుట్టింది, ఒక్కచేత్తో, నానా తంటాలు పడి. తర్వాత దిండు ఎత్తి, కింద పెట్టి, దిండు సర్ది, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

“నాదే, ఇవ్వు” అన్నాను.

ఇవ్వలేదు. అలాగే చూస్తోంది. దిండు మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది.

“దాచావా?”

కళ్ళు వెలిగాయి.

“ఆమె... దాచిందా?”

“దాచు” అంది. ఊపిరి తీసుకుంది. “దాచు...కుంది.”

దాచుకుంది. మాట రాక కాదు, నోరు లేక కాదు. పన్నెండేళ్లూ ఆమెవి. వాటిని అతని ముందు పరవాలో వద్దో ఆమె ఇష్టం. పడవ తడిగా ఉందని మాత్రం చెప్పింది, ఎందుకంటే జారితే దెబ్బ తగులుతుంది.

నాలుగు వందల పేజీల నవల చదివి నాకు తట్టనిది, ఆవిడ ఒక దిండుతో చెప్పింది.

సెప్టెంబర్ 17, బుధవారం

సమీక్ష పూర్తయింది. మూడు రోజులు పట్టింది. మొత్తం ఆరు మాటలు. ఆవిడ చెప్పినవి, చెప్పిన వరసలో:

“చెప్పలేక కాదు. దాచుకుంది. కొత్త పుస్తకం లాక్కుంది.”

చివరి మాట ఇవాళ పొద్దున వచ్చింది. మొదట ‘తీసుకుంది’ అనబోయిందేమోనని నేను అందించాను. కాదంది. పిడికిలి బిగించి తనవైపు గుంజి చూపించింది. లాక్కుంది.

రాసుకుంటూ ఉంటే చేతిలో పెన్ను బరువెక్కింది.

“నేనూనా?” అన్నాను.

అబద్ధం చెప్పే మనిషి కాదు, ఎప్పుడూ కాదు.

“మీరూ” అంది.

నేను తల దించుకుని ఉన్నాను. కాసేపటికి నా జుట్టులో వేళ్ళు. నా నెత్తిమీద దారప్పోగు ఉన్నట్టుంది, తీసి నాకు చూపించి కింద పడేసింది.

సెప్టెంబర్ 18, గురువారం

సమీక్ష కింద వెయ్యడానికి నా పేరుతో ఒక క్షమాపణ రాసి ఆవిడకి వినిపించాను. జూన్ నుంచి పదకొండు వారాలపాటు ఇక్కడ పడినవి ఈమె అభిప్రాయాలు కావు, ఈమెకి తెలియకుండా ఈమె భర్త రాసినవి అని మొదలవుతుంది. ‘ధీరురాలైన నా భార్య’ అన్నచోట చెయ్యి ఎత్తింది.

“తీసెయ్.”

“ఎందుకోయ్, నిజమేగా!”

“ఛీ. తీసెయ్.”

తీసేశాను. ‘నా భార్య’ ఉండనిచ్చింది.

సెప్టెంబర్ 21, ఆదివారం

పడింది. ఎడిటరుగారు ఆరు మాటలనీ పేజీ మధ్యలో వేసి చుట్టూ ఖాళీ వదిలారు. కింద చిన్న అక్షరాల్లో నా క్షమాపణ. ఈసారి ఏ పేజీ తడవలేదు.

ఆవిడ ఆరు మాటల మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. మూడోదాని దగ్గర ఆగి, పైకి చదివింది. విన్నదాన్ని గుర్తుచేసుకుని అందో, నిజంగా చదివిందో తెలీదు. నేను అడగలేదు.

మరదలు ఫోన్ చేసి దులిపేసింది. “అంత మంచి రివ్యూ మీదా బావగారూ? నేను అక్కదనుకుని పదిమందికి చూపించాను, నా పరువేం కాను?”

సెప్టెంబర్ 30, మంగళవారం

ఎడిటరుగారు: “ఎన్ని మాటలు వస్తే అన్నే వేద్దాం మాస్టారూ. కాలమ్ మేడమ్‌దే.” కొందరు చందాదారులు మోసమన్నారట, ఇద్దరు పత్రిక మానేశారట. నా వల్లే. ఆవిడకి చెప్పాను. ‘ఊఁ’ అంది. ఊరడించలేదు.

రెండో సమీక్షకి పద్నాలుగు మాటలు.

అక్టోబర్ 6, సోమవారం

నా పదకొండు కాగితాలూ కావాలంది. రోజుకొకటి నాచేత పైకి చదివిస్తోంది. ఉరి తీసేముందు ఖైదీచేత తన నేరం తనే చదివించినట్టుంది.

మొదటిది, ‘రాణిగారి లేఖకుడు’. హుక్కుల దగ్గర కనుబొమ్మ లేచింది. ‘మా ఆయన ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు’ దగ్గరికొచ్చేసరికి నా చెవులు కాలిపోయాయి. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. కాజాల ఆవిడ కొట్లోంచి పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

తీర్పు: “కాదు.”

అక్టోబర్ 14, మంగళవారం

తొమ్మిది అయ్యాయి. తొమ్మిదీ కాదే. ఒకదానికి ‘ఛీ’ కూడా పడింది. ‘రేవు’ చివరికి ఉంచమంది. రేపు ‘మంచు వంతెన’. దాన్ని తప్పించుకోవడానికి దారేమైనా ఉందా అని చూస్తున్నాను.

అక్టోబర్ 15, బుధవారం

దారి లేదు. చదివాను.

ఆవిడ కదలకుండా వింది. వంతెన వదిలి అతను నడిచిపోయే చోట, నేను రాసింది ఇది: “ముప్ఫై ఏళ్లు పక్కనే ఉన్న మనిషిని, ఆమె రాని రోజున గానీ ఈయన చూడలేదు. నడుస్తూ నడుస్తూ తను ఎంత కాలం చూడకుండా ఉన్నాడో లెక్కపెట్టుకుంటాడు. దారి సరిపోదు.” ఇక్కడ పీచు లేదు, బట్టలు కొయ్యలేదు. అయినా ఆగాల్సి వచ్చింది.

కాదు అంటుందని చూస్తున్నాను.

“పెన్సిలు” అంది.

ఇచ్చాను. కాగితం పలక మీద పెట్టి పట్టుకున్నాను. ఎడమచేత్తో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పైన అచ్చులో ఉన్న తన పేరుని అడ్డంగా కొట్టేసింది. ఒకసారి కాదు, రెండు గీతలు.

“ఇది” అంది. “మీది.”

నాకు నోట మాట రాలేదు. ఈ ఇంట్లో ఇప్పుడా వంతు నాది.

కొట్టేసిన పేరు పక్కన పెన్సిలు మళ్ళీ ఆనించింది. నన్ను పిలిచే పిలుపు రాయబోతోందని మొదటి గీతలోనే తెలిసిపోయింది. మార్చి నుంచి ఆవిడ ఒక్క అక్షరం రాయలేదు. ఒక గుండ్రం, విరిగిన ఒక కొమ్ము, ఎక్కడికో పోబోయి వెనక్కొచ్చిన దీర్ఘం. చెమట పట్టేసింది. పెన్సిలు జారిపోయింది. నేను అందించబోతే వద్దంది.

“రేపు” అంది.

ఇవాళ్టికి ‘మా’ ఒక్కటే అయింది.